వెన్నెలకు లైట్లు పెట్టిన మార్కస్ బార్ట్‌లీ

మన హాస్టల్లో మాయాబజార్ చూడనివాళ్ళు ఉన్నారంటే మేము నమ్మం. పండగలొస్తే ఏదో ఒక చానల్లో వేస్తారు. టీవీ గదిలో కూర్చోను చోటు దొరక్కపోతే కిటికీ దగ్గర నిలబడైనా చూస్తాం. అందులో ఎవరెవరు నటించారో అయిదో తరగతి పిల్లలు కూడా చెప్పేస్తారు. దర్శకుడు కె.వి.రెడ్డి గారు మన తాడిపత్రి మనిషి అని సీనియర్ అన్నలు మాకు చెప్పారు, మేము జూనియర్లకు చెప్పాం. కానీ ఆ నటుల ముఖాలను మనకు అంత అందంగా చూపించింది ఎవరు అని అడిగితే ఒక్కరూ నోరు విప్పరు. ఛాయాగ్రహణం అన్న మాట కింద పేరు పడుతుంది, మనం చదివేలోపే పోతుంది. ఆ పేరు మార్కస్ బార్ట్‌లీ. ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన జీవితం గురించి రాయాలని మేము అనుకోవడానికి ఒక కారణం ఉంది. అది మధ్యలో చెబుతాం.

బార్ట్‌లీ గారు తెలుగువారు కాదు. 1917లో ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబంలో పుట్టారు. సినిమాల్లోకి రాకముందు పత్రికలకు ఫొటోలు తీశారు, వార్తాచిత్రాలకు కెమెరా పట్టారు. ఆ పనిలో లైట్లు పెట్టుకునే వీలు ఎక్కడుంటుంది? దొరికిన వెలుగులో, దొరికిన క్షణంలో తీయాలి. ఎండ నెత్తి మీద ఉన్నా, గదిలో ఒకే కిటికీ ఉన్నా మనిషి ముఖం తెలియాలి. వెలుగు మనిషి మీద ఎలా పడుతుంది, నీడ ఎటు పోతుంది అన్నది ఆయన ఆ రోజుల్లోనే చూసి నేర్చుకుని ఉంటారని మా ఊహ.

1945లో వచ్చిన స్వర్గసీమకు ఆయన ఛాయాగ్రాహకుడు. బి.ఎన్.రెడ్డి గారు దర్శకులు, నాగయ్య గారు, భానుమతి గారు నటులు. ఇక్కడ మన జిల్లావాళ్ళు కాలరెత్తుకోవలసిన సంగతి ఒకటుంది. బి.ఎన్.రెడ్డి గారితో కలిసి వాహినీ సంస్థను నిలబెట్టిన మూలా నారాయణస్వామి గారిది మన తాడిపత్రే. ఆ సంస్థలో మొదట డబ్బు లెక్కలు చూస్తూ, నిర్మాణం పనులు నేర్చుకుంటూ దర్శకుడైన కదిరి వెంకటరెడ్డి గారు, అంటే కె.వి.రెడ్డి గారు, 1912లో తాడిపత్రిలోనే పుట్టారు. 1948లో మద్రాసు వడపళనిలో వాహినీ స్టూడియో లేచింది. వానలు లేని మన సీమ మనుషుల డబ్బు, తెలివి ఆ స్టూడియో గోడల్లో ఉన్నాయి. ఆ గోడల మధ్యనే బార్ట్‌లీ గారి లైట్లు వెలిగాయి.

కె.వి.రెడ్డి గారు, బార్ట్‌లీ గారు కలిసి చేసిన సినిమాల్లో యోగి వేమన (1947) ఒకటి. వేమన సమాధి ఉన్న కటారుపల్లి కదిరి దగ్గర ఉంది కదా (2022లో జిల్లా విడిపోయాక అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది, అయినా మనకు అది మన ఊరే). ఆ సినిమాలో భోగిగా మొదలైన మనిషి యోగి కావాలి. రెండూ నాగయ్య గారి ముఖమే. మాటలు, పాటలు, మేకప్పు ఎంత పని చేశాయో, ముఖం మీద పడిన వెలుగు కూడా అంత పని చేసి ఉండాలి. ఆ తర్వాత గుణసుందరి కథ (1949), పాతాళభైరవి (1951) వచ్చాయి. నాగిరెడ్డి, చక్రపాణి గార్ల విజయా సంస్థకు షావుకారు (1950), మిస్సమ్మ (1955) కూడా ఆయనే తీశారు. ఈ రెండింటికీ దర్శకుడు ఎల్.వి.ప్రసాద్ గారు.

ఇప్పుడు లైట్ల సంగతి. పదో తరగతి భౌతికశాస్త్రం చదివినవాళ్ళకు ఇది కష్టం కాదు.

చీకటి గదిలో ఒక మనిషిని కూర్చోబెట్టి ఒకే బల్బు పక్క నుంచి వేయండి. అటువైపు చెంప తెల్లగా, ఇటువైపు చెంప నల్లగా ఉంటుంది. ఎదురుగా ఉన్న మన కన్ను ఆ నల్లటి చెంపలో కూడా ఎంతో కొంత చూస్తుంది. ఫిల్ము చూడలేదు. వెలుగుకూ చీకటికీ మధ్య కన్ను పట్టుకోగలిగినంత తేడాను ఫిల్ము పట్టుకోలేదు. అందుకే కంటికి బాగున్న ముఖం ఫొటోలో సగం మాయమవుతుంది. మరి బల్బును ఎదురుగా, కెమెరా పక్కనే పెడితే? నీడ పోతుంది, దాంతో పాటు ముక్కు ఎత్తు, చెంప గుంట, గడ్డం గీత అన్నీ పోతాయి. ముఖం రొట్టెలా చదునుగా కనబడుతుంది.

అందుకని రెండో లైటు. స్టూడియోవాళ్ళు మెయిన్ లైటు అనేది కొంచెం పైన, కొంచెం పక్కన ఉంటుంది. ముఖానికి ఆకారం ఇచ్చేది అదే. రెండోది కెమెరాకు దగ్గరగా, మెత్తగా, దానికంటే తక్కువ బలంతో ఉంటుంది. దాని పని నీడను చంపడం కాదు, నీడలో ఉన్న కన్ను, చెంప కనబడేంత తెరవడం. రెండు లైట్లూ సమానంగా రెండు పక్కల పెడితే ముక్కుకు రెండు నీడలు వస్తాయి. పాస్‌పోర్టు సైజు ఫొటోలు తీసే చిన్న స్టూడియోల్లో రెండు గొడుగులు సమానంగా పెడతారు కదా, మన ఫొటోలు అందరివీ ఒకేలా ఉండటానికి అదొక కారణం. బలం ఎలా తగ్గించాలి అంటే బల్బు మార్చనక్కర లేదు, దూరం జరిపితే చాలు. చిన్న దీపాన్ని రెండింతల దూరం జరిపితే దాని వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. ఈ సూత్రం మనం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుని మరిచిపోయాం, స్టూడియోల్లో దాంతోనే అన్నం తింటారు.

మూడో లైటు వెనక నుంచి, పై నుంచి. అది ముఖం మీద పడదు. జుట్టు అంచుకు, భుజం అంచుకు సన్నని గీతలా తగులుతుంది. నలుపు తెలుపు సినిమాలో దీని విలువ ఎక్కువ. నల్లని జుట్టు, వెనక నల్లని తెర ఉంటే రెండూ కలిసిపోయి మనిషి తల ఎక్కడ ముగిసిందో తెలియదు. రంగులు లేవు కాబట్టి వేరు చేసేది వెలుగొక్కటే. పాత విజయా సినిమాల్లో సావిత్రి గారి జడ మీద, పూల మీద ఉండే మెరుపు చూడండి, అది ఈ వెనక లైటు పని.

ఇప్పుడు మేము రాయడానికి కారణం చెబుతాం. మాయాబజార్‌లో ప్రియదర్శిని అనే పెట్టె ఉంటుంది. తెరిచినవాళ్ళకు ఇష్టమైనవాళ్ళు అందులో కనబడతారు. శశిరేఖ తెరిస్తే అభిమన్యుడు కనబడతాడు. మా బ్యాచ్‌లో మేము ఒక రాత్రి ఆ సినిమా చూసి, మా ఇళ్ళలో అలాంటి పెట్టె ఉంటే ఎవరు కనబడాలో చెప్పుకున్నాం. తిరిగి తిరిగి చివరకు మాట తాతల దగ్గర, అవ్వల దగ్గర ఆగింది. మాలో చాలామందికి మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమే మొదలు. మా ముందు తరంవాళ్ళు ఫొటో తీయించుకోవడానికి స్టూడియోకు పోయినవాళ్ళు కాదు. వాళ్ళ ఫొటో అంటే ఓటరు కార్డు మీదదే, లేదా పెళ్ళిలో వెనక వరసలో నిలబడింది. చనిపోయాక దినం రోజు గోడకు తగిలించడానికి ఆ కార్డు తీసుకుపోయి పెద్దది చేయిస్తారు. ఓటరు కార్డుకు ఊళ్ళో బడి ముందర, మిట్టమధ్యాహ్నం ఎండలో తీస్తారు. అనంతపురం ఎండ నెత్తి మీద నుంచి దిగుతుంది. నుదురు తెల్లగా మెరుస్తుంది, కనుబొమల కింద రెండు నల్లటి గుంటలు. ఒకటే లైటు, అదీ తప్పు చోట! ఆ ఫొటో ఎంత పెద్దది చేసినా కళ్ళు కనబడవు. మాలో ఒకడు తన అవ్వ కళ్ళు ఎలా ఉండేవో ఇప్పుడు గుర్తు రావట్లేదన్నాడు. ఆ రాత్రి మళ్ళీ ఎవరూ మాట్లాడలేదు.

ఇంకా వెనక్కి పోతే 1876 నుంచి 1878 దాకా వచ్చిన పెద్ద కరువు ఉంది. అప్పటికి అనంతపురం జిల్లా ఏర్పడలేదు, బళ్ళారి జిల్లాలో భాగం (మన జిల్లా 1882లో విడిపోయింది). ఆ కరువులో మద్రాసు రాజధానిలోని ఆకలి మనుషులను హూపర్ అనే బ్రిటిష్ సైనికాధికారి ఫొటోలు తీశాడు. ఎముకలు తేలిన మనుషులను వరసగా కూర్చోబెట్టి, నిలబెట్టి తీసినవి. ఆ ఫొటోల్లో పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు, మనిషి పేరు మాత్రం తెలియదు. అదే కాలంలో జమీందార్లు, నవాబులు స్టూడియోల్లో గాజు పైకప్పు కింద కూర్చుంటే, తెల్లని గుడ్డలు అటూ ఇటూ పట్టి, వెలుగును మెత్తబరిచి ఫొటోలు తీసేవాళ్ళు. కరెంటు దీపం లేని రోజుల్లో ఆ తెల్లగుడ్డే రెండో లైటు. అది ఎవరికి పట్టారు, ఎవరికి పట్టలేదు అన్నది మేము ఇక్కడ వివరించనక్కర లేదు.

తిరిగి బార్ట్‌లీ గారి దగ్గరకు వద్దాం. మాయాబజార్ 1957 మార్చి 27న విడుదలైంది. అందులో వెన్నెల్లో పడవ పాట మీకు తెలుసు. ఆ పాటలో కొంత మద్రాసు దగ్గర ఎన్నూరులో తీశారు, మిగతాది స్టూడియోలో తీశారు. నిజం వెన్నెల్లో సినిమా తీయడానికి ఆ రోజుల్లో వీలే లేదు. అప్పటి ఫిల్ముకు వెలుగు చాలా కావాలి, నిండు పున్నమి కూడా దానికి చీకటితో సమానం. అందుకని వెన్నెలను తయారుచేయాలి. ఎలా? వెన్నెల్లో మన మేడ మీద పడుకున్నప్పుడు గమనించండి. చంద్రుడి వైపు ఉన్న అంచులు మెరుస్తాయి, మన వైపు ఉన్నది మసకగా ఉంటుంది, నీళ్ళు ఉంటే తళతళలాడతాయి. అంటే సినిమా వెన్నెలకు బలమైన లైటు వెనక, పైన ఉండాలి. ముందు నుంచి చాలా తక్కువ వెలుగు ఇవ్వాలి. ఎక్కువైతే పగలైపోతుంది, తక్కువైతే నటులు ఏం అభినయిస్తున్నారో తెలియదు. పైగా పడవ కదులుతుంది, మనుషులు ముఖాలు తిప్పుతారు, జంటలు మారుతుంటాయి. ఒక చోట కూర్చున్న మనిషికి లైటు పెట్టడం వేరు, కదిలే మనిషికి పెట్టడం వేరు. అరవై ఏళ్ళు దాటినా ఆ పాట చూస్తుంటే అది రాత్రి కాదేమో అన్న అనుమానం మనకు రాదు. తెలుగు సినిమా గురించి రాసేవాళ్ళు ఇప్పటికీ బార్ట్‌లీ వెన్నెల అని ప్రత్యేకంగా చెప్పుకుంటారు.

అదే సినిమాలో కొండంత ఘటోత్కచుడు ఉన్నాడు, సుకుమారమైన శశిరేఖ ఉంది, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు కూడా ఉన్నాడు! మూడోది సావిత్రి గారి నటనతో పాటు కెమెరాకూ పరీక్షే. నాయికల ముఖం మీద నీడ తగ్గించడం, భయపెట్టవలసిన పాత్ర ముఖంలో నీడ మిగల్చడం ఆ కాలపు పద్ధతి. మాయా శశిరేఖ ఏ లెక్కలోకి వస్తుంది? ఈసారి చూసినప్పుడు నవ్వుతూనే కొంచెం ఈ కన్నుతో కూడా చూడండి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేం. కెమెరామన్ ఒక్కడే లైట్లు మోయడు. ఆ రోజుల్లో లైట్లు చిన్నవి కావు. ఒక్కొక్కటి ఇద్దరు ముగ్గురు ఎత్తవలసిన బరువు, ముట్టుకుంటే కాలే వేడి. సెట్టు పైన కట్టిన చెక్కల మీద నిలబడి, కింద నుంచి చెప్పినట్టు అంగుళం అటు, అంగుళం ఇటు తిప్పేవాళ్ళు లైట్‌మెన్లు. వేసవిలో మద్రాసు ఉక్కపోతలో, తలుపులు మూసిన ఫ్లోరులో, ఆ దీపాల పక్కన గంటల తరబడి! వాళ్ళ పేర్లు టైటిల్స్‌లో కూడా లేవు. మన ఊళ్ళ నుంచి పని కోసం మద్రాసు, బెంగళూరు పోయిన మనుషుల్లాంటివాళ్ళే వాళ్ళంతా. బార్ట్‌లీ గారి గొప్పతనంలో వాళ్ళ వాటా కూడా కలిపే మేము రాస్తున్నాం.

మాయాబజార్ తర్వాత అప్పుచేసి పప్పుకూడు (1959), జగదేకవీరుని కథ (1961), గుండమ్మ కథ (1962) ఆయన ఛాయాగ్రహణంలో వచ్చాయి. గుండమ్మ కథలో రాక్షసులు, మాయలు ఏమీ లేవు, ఇల్లు, వంటిల్లు, పెరడు. కానీ ఆ ఇంట్లో ఏ గదిలో ఎవరు నిలబడినా మనకు వాళ్ళ కళ్ళు కనబడతాయి. ఇది చిన్న విషయంగా తీసుకోకండి, పైన ఓటరు కార్డు సంగతి చదివారు కదా.

తర్వాత ఆయన మలయాళంలో చెమ్మీన్ (1965) తీశారు. తకళి శివశంకర పిళ్ళ గారి నవలకు రాము కరియాత్ గారి దర్శకత్వం. ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి బంగారు పతకం అందుకున్న మొదటి దక్షిణాది సినిమా అది. అక్కడ స్టూడియో గోడలు లేవు. సముద్రం, ఇసుక, చేపలు పట్టే బెస్తవాళ్ళ బతుకు, అదీ రంగుల్లో. బయట తీసేటప్పుడు సూర్యుడే మెయిన్ లైటు, దాన్ని జరపడం ఎవరి తరమూ కాదు. అందుకే పొద్దు వాలేదాకా ఆగడం, మనిషిని తిప్పి నిలబెట్టడం, వెండి రేకు అతికించిన పలకలతో ఎండను మళ్ళించి ముఖం మీదికి పంపడం చేస్తారు. ఎండలో మాడిన ఒంటి రంగుకు వెలుగు పెట్టడంలో ఇంకో సంగతి ఉంది. అలాంటి చర్మం మీద ఆకారం తెలిసేది ఎక్కువగా మెరుపు వల్ల. దాని మీదికి ఎదురుగా ఇంకా ఇంకా వెలుగు కొట్టి తెల్లబరచనక్కర లేదు, పక్క నుంచి పెద్ద మెత్తని వెలుగు తగిలితే చాలు. మాకు స్కాలర్‌షిప్ ఫారం కోసం ఫొటో తీసిన ఒక స్టూడియోలో మేము అడక్కుండానే కంప్యూటర్లో ముఖాలు తెల్లగా చేసి ఇచ్చారు. తెచ్చి ఇంట్లో చూపిస్తే మా అమ్మ ఇది ఎవరిదిరా అంది. ఆ పిల్లవాడు ఫొటో తీసేటప్పుడు రెండో లైటు సరిగ్గా పెట్టి ఉంటే కంప్యూటర్ పనే ఉండేది కాదు.

విజయావారు దిలీప్ కుమార్ గారితో హిందీలో తీసిన రామ్ ఔర్ శ్యామ్ (1967) కూడా బార్ట్‌లీ గారిదే. తమిళంలో వచ్చిన శాంతి నిలయం (1969)కు రంగుల ఛాయాగ్రహణంలో జాతీయ అవార్డు వచ్చింది. నలుపు తెలుపులో పాతికేళ్ళు పని చేసినవారు రంగుల్లో కూడా పై వరసలో నిలబడ్డారు. ఇది మామూలు విషయం కాదు, ఎందుకంటే రంగు వచ్చాక చాలామంది అన్ని మూలలా వెలుగు నింపి, రంగులే అన్నీ చూసుకుంటాయిలే అని నీడ సంగతి మరిచిపోయారు. మా అభిప్రాయం అది. కాదన్నవాళ్ళు వచ్చే సంచికలో రాయవచ్చు.

కె.వి.రెడ్డి గారు 1972లో పోయారు. బార్ట్‌లీ గారు 1993లో పోయారు. వాహినీ ఫ్లోర్లు ఉన్న చోట ఇప్పుడు ఆసుపత్రి, షాపింగ్ మాల్ ఉన్నాయి. 2010లో మాయాబజార్‌కు కంప్యూటర్లతో రంగులు వేసి మళ్ళీ విడుదల చేశారు. రంగులది బాగుందా, పాతది బాగుందా అని మా గదిలో తగువు పడ్డాం. మేము పాతదాని వైపు. రంగులు వేసినా వేయకపోయినా ముక్కు పక్కన నీడ ఎక్కడ పడాలో అది 1957లోనే తేలిపోయింది, దాన్ని ఎవరూ మార్చలేదు.

తమ్ముళ్ళూ, మీలో ఫొటోల మీద ఇష్టం ఉన్నవాళ్ళకు పెద్ద కెమెరా, గొడుగులు అక్కర లేదు. ఫోను చాలు. మనిషిని కిటికీ పక్కన కూర్చోబెట్టండి, అది మెయిన్ లైటు. రెండో పక్క ఇంకొకడు తెల్ల దుప్పటి పట్టుకుని నిలబడితే అది రెండో లైటు. దుప్పటిని దగ్గరికి తెస్తూ, దూరం జరుపుతూ నీడలో ఉన్న కన్ను ఎప్పుడు తెరుచుకుంటుందో చూడండి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అవ్వనో తాతనో పొద్దున పూట వసారాలో కూర్చోబెట్టి తీయండి. మా అబ్బాయి ఏదో పిచ్చి పని చేస్తున్నాడని నవ్వుతారు, ఆ నవ్వు కూడా పడుతుంది.

ఈ సంచికలో వేసిన గ్రూప్ ఫొటో విషయం. ప్రతి ఏడాదీ ముఖ్య అతిథి వచ్చి సభ ముగిసేసరికి మధ్యాహ్నం ఒంటిగంట అవుతుంది, అప్పుడు ఎండలో నిలబెట్టి తీసేవాళ్ళు. ఈసారి పొద్దున ఏడు గంటలకే, వేపచెట్టు పక్కన, తెల్లగోడకు ఎదురుగా తీయిద్దామని వార్డెన్ సారును అడిగాం. సారు ఒప్పుకున్నారు. గోడ వెలుగు చాలని పక్క నలుగురు పిల్లలు రెండు దుప్పట్లు పట్టుకున్నారు. దుప్పటి పట్టినవాళ్ళు ఫొటోలో పడరు కాబట్టి, వాళ్ళను వరసలో నిలబెట్టి ఇంకో నలుగురు దుప్పట్లు పట్టుకుని రెండోది తీశాం. రెండూ వేశాం, చూసుకోండి.